పారిస్‌లో హాజరు

పోయిన వారం మనం తావుస్‌ని ఊరి సభ గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. కుడికాలు గడప లోపల, ఎడమకాలు బయట. ఫ్రాన్స్‌కి సముద్రం ఇవతలి కొండల్లో ఉన్న ఈ ఐత్ సలాన్ ఊళ్ళో ఆ గడప దాటిన ఆడది అంతకు ముందు లేదు. సభ జరిగే ఆ రాతి మండపం ముందు నుంచి పోవాల్సి వస్తేనే ఆడవాళ్ళు చుట్టు తిరిగి, అంజూరు తోట కింద రాళ్ళదారిన పోతారు. అలాంటిది శుక్రవారం పొద్దున్నే, మగాళ్ళంతా చేరుతున్న వేళకి ఈవిడ వచ్చి నిలబడింది. ఎందుకు వచ్చిందో మరిచిపోయినవాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను.

ఫిబ్రవరి మంచు బరువుకి ఆవిడ ఇంటి దూలం విరిగింది. పై గదిని ఆకాశానికి వదిలేసి, కింద మేకని కట్టే చోట, మేక పక్కనే పడుకుంటోంది. కమ్యూన్ ఆఫీసులో, అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న సర్కారు ఆఫీసులో, పల్లె ఇళ్ళ కోసం ఇచ్చే సాయం ఒకటి ఉంది. మొగుడు పోయినదానికి ఇస్తారు, మొగుడు వదిలేసినదానికి ఇస్తారు, మొగుడి జాడ తెలియనిదానికీ ఇస్తారు. మొగుడున్నదానికి మాత్రం ఇవ్వరు, మొగుడే వచ్చి అడగాలి. తావుస్ మొగుడు మెజియాన్ ఇరవై రెండేళ్ళ కిందట ఫ్రాన్స్ వెళ్ళాడు. మళ్ళీ ఉత్తరం ముక్క లేదు. "జాడ తెలియదని మీ ఊరి సభ చేత రాయించి, ముద్ర వేయించుకుని రామ్మా. సోమవారంతో ఆఖరు" అని ఆఫీసులో కౌంటరు దగ్గర పిల్ల చెప్పింది. ఆ మాట సభలో అడగమని మరిది బెలయిద్‌ని మూడుసార్లు బతిమాలింది. మూడుసార్లూ "చూద్దాంలే వదినా" అన్నాడు. వాడు చూసేలోగా మిగతా గోడ కూడా పడేట్టుందని నాలుగోసారి తనే బయల్దేరింది.

సరే, లోపలికి వెళదాం రండి.

తావుస్ ఎడమకాలు కూడా లోపల పెట్టింది. మండపానికి రెండు పక్కలా రాతి అరుగులు. తరతరాలుగా మగాళ్ళు కూర్చుని కూర్చుని ఆ రాళ్ళు నున్నగా అద్దంలా అయ్యాయి. ఎవడో కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

బెలయిద్ దిగ్గున లేచాడు. "వదినా! ఏమిటిది? నడు, ఇంటికి నడు. నా పరువు తియ్యకు."

"నీ పరువు నీ దగ్గరే ఉంచుకో. నేను కాగితం కోసం వచ్చాను."

"మేష్టారూ, చూశారా? చెప్పండి మీరైనా!"

మేష్టారంటే లూనిస్. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు సభకి పెద్దగా ఉన్నాడు. చెవులు మంచివి, గుండె ఫరవాలేదు, ధైర్యం అంతంత మాత్రం. కళ్ళజోడు తుడుచుకుంటూ కాసేపు కాలం గడిపాడు. ఆ తుడుపుడు అయ్యాక అన్నాడు: "ఇంటికొకరు రావాలన్నది కట్టుబాటు. మగవాళ్ళే రావాలని ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, అది వేరే సంగతి. ఆ స్తంభం వెనక కూర్చో తావుస్. నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడుదువుగాని."

తావుస్ స్తంభం వెనక కూర్చుంది. రాయి చల్లగా తగిలింది. ఆవిడకి నలభై ఆరేళ్ళు. ఇంతమంది మనుషుల మధ్య కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. పెళ్ళిళ్ళలో ఆవిడని పిలుస్తారు, కూర్చోబెడతారు, కానీ మొగుడున్నవాళ్ళు ఒకవైపు, పోయినవాళ్ళు ఒకవైపు చేరతారు. ఈవిడ ఎటూ కాదు. రెండు గుంపుల మధ్య, పళ్ళాలు అందించేవాళ్ళ దారిలో కూర్చుంటుంది. పక్కకి జరగమని అందరూ అంటూనే ఉంటారు.

అప్పుడు రెజ్కి వచ్చాడు. సభ రాతకోతలన్నీ చూసేది అతనే. కింద పట్నం నుంచి వచ్చే వ్యాను ఆలస్యమైందని తిట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా బల్ల ముందు కూలబడి, పెద్ద పుస్తకం తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. రెజ్కి పేర్లు పిలిస్తే రైలు పోతున్నట్టే. తలెత్తడు, ఆగడు.

"సలీమ్ కొడుకు ఇదిర్."

"ఉన్నాను."

"హమూ కొడుకు మూలూద్."

"ఉన్నా, ఉన్నా."

"అమర్ కొడుకు జిదాన్." దీనికి జవాబు రాలేదు. రెజ్కియే బొటనవేలు తడి చేసుకుని, "పారిస్‌లో హాజరు" అని తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు.

ఇది తావుస్‌కి తెలిసిన సంగతే. ఊళ్ళో అందరికీ తెలుసు. పారిస్‌లో మన ఊరివాళ్ళు నెలకోసారి, మొదటి ఆదివారం, మన ఊరివాడే నడిపే కాఫీ హోటల్లో కలుస్తారు. అక్కడా పేర్లు పిలుస్తారు, ఆ జాబితా ఇక్కడికి వస్తుంది. అక్కడ హాజరైతే ఇక్కడ హాజరైనట్టే. అలా హాజరయ్యేవాడు రేపు కన్ను మూస్తే, పెట్టెలో పెట్టి విమానం ఎక్కించి ఊరికి తెస్తారు, తండ్రి పక్కన చోటు చూపిస్తారు. హాజరు మానేసినవాణ్ణి ఎవరూ తేరు. అందుకే కన్నతల్లికి ఉత్తరం రాయనివాడు కూడా ఆ మొదటి ఆదివారం మాత్రం మానడు.

పేర్లు సాగుతున్నాయి. తావుస్ వింటోంది. ఇళ్ళల్లో, వీధుల్లో విన్న గొంతులే ఇక్కడ వేరేగా ఉన్నాయి, బరువుగా ఉన్నాయి. 'ఉన్నాను' అనే మాట ఒక మనిషి ఇంత సులువుగా అనగలడా అని ఆవిడకి ఆశ్చర్యం వేసింది.

"షాబాన్ కొడుకు మెజియాన్."

తావుస్ ఉలిక్కిపడింది. ఆ పేరు బయటికి పలకగా విని ఏళ్ళయింది. ఆవిడ ఎదుట ఎవరూ అనరు. పిలిచింది తన ఇంటిని, ఆ ఇంట్లో ఉన్నది తను. ఉన్నానని చెప్పాలి. గొంతు సర్దుకుంది, లేవడానికి స్తంభం పట్టుకుంది.

రెజ్కి బొటనవేలు తడి చేసుకున్నాడు.

"పారిస్‌లో హాజరు. యహ్యా కొడుకు బెజాద్."

బెజాద్ పలకలేదు. ఎదురుగానే ఉన్నాడు, నోరు తెరిచి ఉన్నాడు, పలకలేదు. "బెజాద్!" అని రెజ్కి ఇంకోసారి పిలిచి, ఎందుకింత నిశ్శబ్దంగా ఉందా అని అప్పటికి తలెత్తాడు. అందరి చూపూ ఎటుందో అటు చూశాడు. స్తంభం పక్కన నిలబడ్డ తావుస్ కనబడింది. ఖర్మ! ఆవిడ లోపల ఉండగా హాజరు పిలవకూడదని అంతమందిలో ఎవరికీ తట్టనేలేదు.

"అక్కా... నువ్వెప్పుడొచ్చావ్?"

"నువ్వు రాకముందే. మళ్ళీ చదువు."

"అది... పాత జాబితా అక్కా. పొరపాటున..."

"ఏ నెలది?"

రెజ్కి మేష్టారి వైపు చూశాడు. మేష్టారు మళ్ళీ కళ్ళజోడు తీశాడు, కానీ ఈసారి తుడవలేదు.

"పోయిన నెలది," అన్నాడు రెజ్కి.

"అంతకు ముందు నెల?"

"అప్పుడూ... హాజరే."

"ఎప్పట్నుంచి?"

రెజ్కి పుస్తకం మూసేశాడు. ఆవిడ అడుగుతున్నది అతణ్ణి కాదు. అరుగుల మీద కూర్చున్న ఒక్కొక్కడి మొహం చూస్తూ అడుగుతోంది. ఒక్కొక్కడూ తలదించుకుంటున్నాడు. చివరికి లూనిస్ మేష్టారే అన్నాడు, క్లాసులో పిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు:

"మొదట్నుంచీ. వెళ్ళిన ఏడాది నుంచీ. ఒక్క నెల కూడా మానలేదు."

తావుస్ ఏడవలేదు. ఏడుపు రావడానికి లోపల ఏదో ఒకటి కదలాలి కదా, అన్నీ గడ్డకట్టుకుపోయాయి. ఆవిడకి వేసవికాలాలు గుర్తొచ్చాయి. ప్రతి ఆగస్టులో పారిస్ నుంచి వీళ్ళు దిగుతారు, సంచుల నిండా సబ్బులూ చాక్లెట్లూ. ప్రతి ఆగస్టులో తావుస్ వాళ్ళ గుమ్మాల ముందు నిలబడేది. "మా ఆయన ఎక్కడైనా కనబడ్డాడా అన్నా?" "పారిస్ అంటే మన ఊరనుకున్నావా తల్లీ, ఎవరికి ఎవరు కనబడతారు!" అని ఓ సబ్బు చేతిలో పెట్టేవాళ్ళు. ఇరవై రెండు ఆగస్టులు. ఆ సబ్బులు తెచ్చుకుని మొహం కడుక్కుంది కూడా. వాళ్ళంతా నెలనెలా వాడి పక్కన కూర్చుని, కాఫీ తాగి, 'ఉన్నాను' అన్న వాడి గొంతు విని వచ్చినవాళ్ళే.

ఆవిడ చూపు ఇదిర్ ముసలాయన దగ్గర ఆగింది. మామగారి ప్రాణ స్నేహితుడు. ఈ ఊళ్ళో తావుస్‌కి తనవాడు అనుకోవడానికి ఉన్నది ఆయనొక్కడే. ఏటా ఎండు అంజూరాలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "తిను తల్లీ, చిక్కిపోయావ్" అని పోతాడు.

"మామయ్యా," అంది. "పోయిన ఏడాది నిన్ను అడిగాను. ఆయన పోయినట్టేనా మామయ్యా, దినం చేసేసి తెల్లబట్ట కట్టుకోనా అని అడిగాను. ఏం చెప్పావు నువ్వు?"

ఇదిర్ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. "దేవుడికే ఎరుక అన్నాను."

"దేవుడికీ, నీకూ, ఈ నలభై మందికీ!"

"సభలో విన్నది సభలోనే ఉండాలి తల్లీ. ఇంటికి మోసుకుపోకూడదు. అది మా తాతలనాటి మాట."

"తాతల మాట కాదు, నీ మాట చెప్పు మామయ్యా. నా మొహం చూసి చెప్పు. ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన ఆవిడ మొహం చూశాడు. నేను ఈ ఊరి మనుషుల్ని చాలా ఏళ్ళుగా ఎరుగుదును. అబద్ధం చెప్పమంటే చెబుతారుగాని, తాము అంజూరాలు తెచ్చిపెట్టిన మనిషే ఎదురుగా నిలబడి అడిగితే నోట్లోంచి నిజమే వస్తుంది.

"చెబితే నువ్వు పుట్టింటికి వెళ్ళిపోయేదానివి," అన్నాడు. "మెజియాన్ అక్కడ ఇంకో సంసారం పెట్టాడని మొదటి రెండేళ్ళలోనే తెలిసింది. అప్పటికే మీ మామ షాబాన్ మంచాన పడ్డాడు. బెలయిద్ పెళ్ళాం నా వల్ల కాదంది. నువ్వు పోతే వాణ్ణి ఎవరు చూస్తారు? ఎవరు ఎత్తి కూర్చోబెడతారు, ఎవరు కడుగుతారు? ఊళ్ళో ఆ మాట అనుకున్నాం. వాడు పోయేదాకా ఊరుకుందాం అనుకున్నాం. వాడు తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ తర్వాత... ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

తావుస్ చేత్తో స్తంభాన్ని తడుముకుంది. తొమ్మిదేళ్ళు. ఆ ముసలి మామగారు ఆవిడ చేతి ముద్ద తప్ప ఇంకొకరిది తినేవాడు కాదు. పోయే ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఏడ్చాడు. ఆయనకీ తెలుసు! ఆ సంగతి ఇప్పుడు తగిలింది ఆవిడకి, కత్తి దిగినట్టు. తను ఒంటరిది అని తావుస్ ఎన్నోసార్లు అనుకుంది. కానీ ఊరంతా ఒకవైపు, తనొక్కతే ఒకవైపు అని ఇవాళే తెలిసింది.

"వదినా, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు బెలయిద్. "గుట్టుగా ఉన్న సంసారాన్ని ఎందుకు వీధిన పడేస్తావ్?"

"ఏ సంసారం బెలయిద్? నేను మేకతో చేస్తున్నదా?"

వెనక అరుగు మీద ఎవడో కిసుక్కుమన్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడేమో, వెంటనే దగ్గులోకి మార్చుకున్నాడు.

లూనిస్ మేష్టారు బల్ల మీద వేళ్ళతో తట్టాడు. "చూడమ్మా తావుస్. నీకు అన్యాయం జరిగింది, నేను కాదనను. కానీ నువ్వు అడిగిన కాగితం ఎలా ఇచ్చేది? జాడ తెలియదని రాయాలి. జాడ తెలుసు. ఈ ముద్ర అబద్ధం మీద పడదు."

"అబద్ధం రాయమని నేను అనలేదు మేష్టారూ. నిజమే రాయండి." ఆవిడ స్తంభం వదిలి నడుచుకుంటూ బల్ల దాకా వచ్చింది. "రెజ్కి, కలం తియ్యి. షాబాన్ కొడుకు మెజియాన్ బతికే ఉన్నాడు. పారిస్‌లో హాజరు. పెళ్ళాన్ని వదిలేసి ఇరవై రెండేళ్ళయింది. ఆ సంగతి ఈ సభకి మొదట్నుంచీ తెలుసు. కింద ముద్ర వెయ్యండి. వదిలేసినదానికీ సాయం ఇస్తారట, ఆ పిల్ల చెప్పింది."

అప్పటిదాకా తలదించుకున్నవాళ్ళంతా ఒక్కసారి తలలెత్తారు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కమ్యూన్ ఆఫీసులో పనిచేసేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఆ కాగితం పొద్దున అక్కడ చేరిందంటే, సాయంత్రానికి కొండ మీద ప్రతి మండపంలో దాన్ని కథగా చెప్పుకుంటారు. ఐత్ సలాన్ మగాళ్ళు ఒక ఆడదాన్ని ఇరవై రెండేళ్ళు ఎలా కూర్చోబెట్టారో. మన ఊరి తగువు బయటికి పోవడమంటే మా కొండల్లో చావుతో సమానం.

"అది కుదరదు!" అన్నాడు బెలయిద్.

"మొత్తం ఊరి పేరెందుకమ్మా అందులో?" అన్నాడు ఇంకొకడు.

బెజాద్ లేచి నిలబడ్డాడు. మంచివాడే, పెద్ద తోట ఉంది. "అక్కా, కాగితాలు ఎందుకు? రేపు శనివారం. ఊరంతా కలిసి వచ్చేస్తాం. నా తోటలో బ్రహ్మాండమైన చెట్టుంది, కొట్టి దూలం ఎత్తేస్తాం. ఆదివారానికి నీ ఇంటికి కప్పు ఉంటుంది. ఆడవాళ్ళొచ్చి కూస్‌కూస్ వండుతారు. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. ఏమంటావ్?"

నిజం చెప్పొద్దూ, తావుస్ మనసు ఊగింది. కప్పు కోసం కాదు. ఆవిడకి తన ఇల్లు కనబడింది, వాకిట్లో నలభైమంది మగాళ్ళు, పైన దెబ్బల చప్పుడు, పొయ్యి చుట్టూ ఆడవాళ్ళ కబుర్లు, పిల్లల గోల. ఆ ఇంట్లో అంత సందడి ఆవిడ పెళ్ళి నాడు ఉంది, మళ్ళీ లేదు. ఊఁ అంటే చాలు, ఒక రోజంతా తన ఇల్లు మనుషులతో నిండిపోతుంది. ఆ ఒక్కరోజు కోసం ఒప్పేసుకుందామా అనిపించింది. సాయంత్రం అయ్యాక అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు కదా అన్న సంగతి ఆ వెనకే తట్టింది.

"దూలం ఫిబ్రవరిలో విరిగింది బెజాద్," అంది. "ఇప్పుడు మే నెల. ఇన్నాళ్ళూ నీ చెట్టు ఎక్కడికి పోయింది?"

బెజాద్ కూర్చున్నాడు.

"నాకు మీ దయ వద్దు. కాగితం కావాలి. నేను విధవనో, వదిలేసినదాన్నో, ఏదో ఒకటి అని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా నేను ఏమీ కాదు."

చేతికర్ర నేలకి తాకిన చప్పుడైంది. ఇదిర్ ముసలాయన లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ సాయం పట్టలేదు, పడితే తిట్టేలా ఉన్నాడు.

"రాయి రెజ్కి," అన్నాడు. "ఆవిడ చెప్పిందంతా రాయి. తెలిసి ఊరుకున్నవాళ్ళలో నా పేరు మొదట రాయి. మిగిలినవాళ్ళ సంగతి వాళ్ళిష్టం."

తావుస్ ఆయన వైపు చూడలేదు. ఈ ఒక్క మాటకి అంత తేలిగ్గా క్షమించడం ఆవిడ వల్ల కాలేదు.

ఇక లూనిస్ మేష్టారికి తప్పలేదు. "రాద్దాం. కానీ ఒక పద్ధతుంది. సభ్యుడి మీద ఏదైనా రాసేముందు అతణ్ణి అడగాలి. అతని మాట వినాలి. దొంగకైనా ఆ హక్కు ఉంది. రెజ్కి, జాబితాలో ఆ ఇంటి ఎదురుగా ఫోన్ నెంబరు ఉందా?"

"ఉంది మేష్టారూ."

"చెయ్యి. అందరికీ వినబడేట్టు పెట్టు."

రెజ్కి ఫోను తీశాడు. ఒకసారి తప్పు నెంబరు నొక్కి, మళ్ళీ నొక్కాడు. సెల్‌ఫోను బల్ల మధ్యలో పెట్టాడు. అవతల గంట మోగుతోంది, పొడుగ్గా, ఒక్కొక్కటే. ముందుకు వంగిన నలభై తలల మధ్య తావుస్ నిటారుగా నిలబడింది. ఏం అడగాలో ఆవిడ ఇన్నేళ్ళుగా కూడబెట్టుకుంది. మేకతో చెప్పుకుంది, పొయ్యితో చెప్పుకుంది. తీరా ఇప్పుడు ఒక్కటీ నోటికి రావడం లేదు.

"అలో?"

మెజియాన్ గొంతు కాదు. లేత గొంతు, మీసాలు వచ్చి ఎన్నో ఏళ్ళు కాని కుర్రవాడి గొంతు.

"ఐత్ సలాన్ సభ నుంచి మాట్లాడుతున్నాం," అన్నాడు మేష్టారు. "ఎవరు?"

"ఓ! నమస్కారమండీ." మన భాషే, కానీ అడుగడుక్కీ తడుముకుంటూ మాట్లాడుతున్నాడు. "నేను షాబాన్‌నండీ. మెజియాన్‌గారి అబ్బాయిని."

షాబాన్. తాత పేరు పెట్టారు. మా వాళ్ళలో మొదటి మగపిల్లవాడికి తాత పేరే పెడతారు. మామగారికి ముద్దలు తినిపిస్తూ, తనకి కొడుకు పుడితే ఈయన పేరే పెడతానని తావుస్ ఎన్నిసార్లు అనుకుందో! ఆ పేరుని ఇంకెవరో వాడేసుకున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగింది అప్పుడే.

"మీ నాన్నని పిలు బాబూ. సభకి ఆయనతో పని ఉంది."

"నాన్న మాట్లాడలేరండీ," అన్నాడు అవతల కుర్రవాడు. "పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. నెలనెలా హోటలుకి నేనే వెళ్ళి హాజరు చెబుతున్నాను. ఇంటి తరఫున ఎవరు చెప్పినా సరిపోతుందన్నారు పెద్దవాళ్ళు. ఏమైనా తప్పాండీ?"

రెజ్కి కలం పట్టుకున్నాడు గాని, ఏం రాయాలో తెలియక పట్టుకునే ఉన్నాడు.

"మీరే ఫోన్ చేశారు, మంచిదైంది," అన్నాడు ఆ అబ్బాయి, ఉన్నట్టుండి హుషారుగా. "నేనే అడుగుదామనుకుంటున్నా. నాన్నకి మాటలన్నీ పోయాయండీ, ఒక్క మాట మిగిలింది. పొద్దున లేచింది మొదలు అదే అంటారు. నీళ్ళు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే. ఇక్కడ మన ఊరివాళ్ళని అందర్నీ అడిగాను, మాకు తెలీదంటారు, మాట మార్చేస్తారు. మా అమ్మకైతే అది వినబడితే చాలు, ఏడుపే. మీకేమైనా తెలుసా? తావుస్ అంటే ఎవరండీ? మా నానమ్మా? మేనత్తా?"

బెలయిద్ తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఇదిర్ ముసలాయన కర్ర మీదికి ఇంకా వంగిపోయాడు.

"అలో? ఉన్నారాండీ?"

తావుస్ చెయ్యి చాపి ఫోను అందుకుంది. అరచేతిలో వెచ్చగా ఉంది అది. ఈ కుర్రవాడు కూడా తనలాగే అడుగుతున్నాడు. అక్కడా మన ఊరివాళ్ళే, తెలిసి తెలిసి, మాట మార్చేస్తున్నారు. అక్కడ ఇంకొక ఆడది, ఆ పేరు విని రోజూ ఏడుస్తోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు తెలుసు బాబూ," అంది. "చెబుతాను. నీకు కాదు. మీ అమ్మ పక్కన ఉందా?"

"ఉందండీ, వంటింట్లో... మీరెవరో చెప్పాలా?"

"వద్దు. పిలు చాలు."

అవతల ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కుర్రవాడు ఫ్రెంచిలో ఏదో అరిచాడు, అందులో ఐత్ సలాన్ అన్న ఒక్క మాటే తెలిసింది. దూరంగా కుళాయి కట్టేశారు. చెప్పుల అడుగులు దగ్గరికి వచ్చాయి, ఆగాయి. ఆ వెనకే ఎక్కడో మంచం మీద నుంచి ఒక ముద్దమాట, మగగొంతు, తావుస్ ఇరవై రెండేళ్ళుగా వినని గొంతు, తన పేరే అంటోంది.

"అలో," అంది ఒక ఆడగొంతు, వెంటనే మన భాషలో: "నువ్వేనా?"